నాయిన చెప్పిన సబ్‌మెరీను

ఏటా ఏప్రిల్ 14 వచ్చిందంటే బొంబాయిలో రెండు సంగతులు తప్పవు. ఊరంతా అంబేడ్కర్ జయంతి. గోదీల వైపు మాత్రం అగ్నిమాపక దళం వాళ్లు తమ తోటి వాళ్ల స్మృతి చిహ్నం దగ్గర పూలదండలు ఉంచుతారు. మా ఇంట్లో మూడో సంగతి ఒకటి ఉండేది. ఆరోజు మా నాయిన పొద్దున్నే తలంటుకుని, గోడకున్న నేతాజీ పటం పక్కన మా పెదనాన్న పేరు చెప్పి దీపం పెట్టేవాడు. పెదనాన్న ఫొటో లేదు. ఆ కాలంలో పాలమూరు నుంచి కూలికి వచ్చిన వాళ్లకు ఫొటోలు ఎక్కడివి? దీపం పెట్టి, నా వైపు తిరిగి ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "జర్మనోని సబ్‌మెరీను వచ్చి ఏసిపోయింది బిడ్డా. సర్కారోడు దాసిపెట్టిండు."

ఆ ఒక్క వాక్యం వెంట పడి నేను దాదాపు నలభై ఏళ్లు తిరిగాను. చరిత్ర నా వృత్తి కాదు. గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. బొంబాయి మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో చదువుకున్నాను. అయినా ఈ వెతుకులాటలో తెలిసిన సంగతులు కొన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోదగినవనిపించి రాస్తున్నాను. ఇది ఎక్కడో అట్లాంటిక్ సముద్రంలో జరిగిన యుద్ధం కథ అనుకుంటారు చాలామంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ముందు ఆనాడు జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1944 ఏప్రిల్ 12న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ బొంబాయి విక్టోరియా డాకుకు వచ్చింది. ఇంగ్లండులో ఫిబ్రవరిలో బయలుదేరి, సూయెజ్ మీదుగా కరాచీ చేరి, అక్కడ నుంచి మనకు వచ్చింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, మందుగుండు ఉన్నాయి. కొన్ని బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. కరాచీలో దాని మీదికి 8,700 పత్తి బేళ్లు ఎక్కించారు. నిప్పంటుకునేదీ, పేలేదీ ఒకే ఓడ కడుపులో చేరాయి. పేలుడు సరుకు ఉన్న ఓడ ఎర్రజెండా ఎగరెయ్యాలని నియమం. ఆ జెండా ఎగరలేదు. 14వ తేదీ మధ్యాహ్నం పత్తిలో నిప్పు రాజుకుంది. పంపులతో వందల టన్నుల నీళ్లు పోశారు. మంట ఆరలేదు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అర్ధగంట తిరక్కుండానే ఇంకోసారి, మరింత పెద్దగా పేలింది. పక్కనున్న సింధియా కంపెనీ వారి జలపద్మ అనే ఓడ, సుమారు 4,000 టన్నులది, గట్టు మీదికి ఎగిరిపడింది. దూరాన సిమ్లాలో భూకంపాలను కొలిచే యంత్రాలు సైతం ఈ అదురును నమోదు చేశాయి. చనిపోయినవారు 800 అని కొందరు, 1,300 అని కొందరు రాశారు. ఆ శిథిలాలు ఎత్తడానికి 8,000 మంది ఏడు నెలలు పనిచేశారు. వారిలో మా నాయిన ఒకడు.

మా పెదనాన్న అప్పుడు పక్కనున్న ప్రిన్సెస్ డాకు గోదాములో హమాలీ. ఆయన శవం దొరకలేదు. నాయిన నాలుగు రోజులు దవాఖానాలన్నీ తిరిగి, ఐదో రోజు కామాఠీపురాకు వచ్చి, వదినకు ఏమని చెప్పాలో తెలియక మెట్ల మీద కూర్చుండిపోయాడట.

సర్కారు నిజంగానే దాచింది. అది యుద్ధకాలం. పత్రికల మీద సెన్సారు ఉంది. ఇక్కడి పత్రికల్లో వివరాలు రాకముందే, మర్నాడే, జపాను వారి చేతిలో ఉన్న సైగాన్ రేడియో ఈ సంగతి చాటింది. బొంబాయి వార్త బొంబాయి వాళ్లకు శత్రువు చెబితే తెలిసింది! వివరాలు అచ్చు వెయ్యడానికి మే నెల రెండో వారం దాకా అనుమతి రాలేదు. నాలుగు వారాల మౌనంలో జనం తమకు తోచిన కథ తాము చెప్పుకున్నారు. జపాను విమానాలని కొందరు, జర్మన్ జలాంతర్గామి అని కొందరు అన్నారు. రెండేళ్ల ముందే, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ వార్త తెలిసిన తెలుగువాళ్లకు ఇందులో నమ్మలేనిది ఏముంది?

నేను 1980ల మధ్యలో ఈ సంగతి పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను. సాయంకాలాలు ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. జర్మన్ జలాంతర్గాముల మీద పుస్తకాలకు కొదవ లేదు. అన్నీ అట్లాంటిక్ గురించే. అమెరికా, కెనడాల నుంచి ఇంగ్లండుకు తిండి, చమురు, ఆయుధాలు మోసే ఓడలను ముంచి ఇంగ్లండును లొంగదీయాలన్నది హిట్లరు నావికాదళం ఎత్తుగడ. వాళ్లు మొత్తం మీద 2,700కు పైగా వర్తక నౌకలను ముంచారు. జలాంతర్గాముల్లో వెళ్లిన సుమారు 40,000 మందిలో నాలుగింట మూడు వంతుల మంది తిరిగి రాలేదు. ఏ సైన్యంలోనూ ఇంత వంతున చావులు లేవంటారు.

హిందూ మహాసముద్రం గురించి ఆ లావు పుస్తకాల్లో రెండు మూడు పేజీలు ఉండేవి. ఆ పేజీల్లోనే నాకు "మోన్‌సూన్" అనే మాట కనిపించింది. ఇంగ్లీషు వాళ్లూ, జర్మన్ వాళ్లూ అరబ్బుల దగ్గర తీసుకున్న మాట అది. 1943లో అట్లాంటిక్‌లో దెబ్బ మీద దెబ్బ తిన్న జర్మన్ నౌకాదళం కొన్ని జలాంతర్గాములను ఆఫ్రికా చుట్టూ తిప్పి మన సముద్రానికి పంపింది. నైరుతి రుతుపవనం వెనుదిరిగే వేళకు అరేబియా సముద్రం చేరాలని పథకం. అందుకే ఆ దళానికి ఆ పేరు. దారిలో చాలా మునిగిపోగా ఐదు చేరాయి. యు-168, యు-183, యు-188, యు-532, యు-533. జపాను వారి ఆధీనంలో ఉన్న మలయాలోని పెనాంగ్ రేవు వాటికి స్థావరం.

ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాయిన మాట పిచ్చి మాట కాదన్నమాట! సబ్‌మెరీనులు నిజంగా వచ్చాయి!

ఇక అక్కడి నుంచి రికార్డుల వేట. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి జలాంతర్గామి కమాండరూ ఒక యుద్ధ దినచర్య రాయాలి. జర్మన్‌లో దాన్ని క్రీగ్స్‌టాగెబుఖ్ అంటారు. ఏ గంటకు ఎక్కడ ఉన్నాం, గాలి ఎటు, అల ఎంత, ఏ ఓడ కనపడింది, ఎన్ని టార్పెడోలు వదిలాం, ఎన్ని తగిలాయి అన్నీ అందులో ఉండాలి. తీరాన ప్రధాన కార్యాలయంలో అడ్మిరల్ డోనిట్స్ సిబ్బంది ఇంకొక దినచర్య రాసేవారు. ఏ బోటు ఏ గడిలో ఉందో అందులో రోజువారీ లెక్క. గడి అంటున్నాను ఎందుకంటే వాళ్లు అక్షాంశ రేఖాంశాలు రాయరు. సముద్రాలన్నిటినీ గడులుగా కోసి, ప్రతి గడికీ రెండక్షరాలూ కొన్ని అంకెలూ పెట్టుకున్నారు. ఆ గడుల పటం దగ్గర లేకపోతే దినచర్య చేతిలో ఉన్నా బొంబాయి ఏదో మడగాస్కర్ ఏదో తెలియదు.

యుద్ధం ఓడిపోతున్నప్పుడు జర్మన్ నౌకాదళం తన పాత కాగితాలన్నీ బవేరియాలోని తంబాఖ్ అనే కోటలో దాచింది. అక్కడి వాళ్లు వాటిని కాల్చేయకముందే 1945 వసంతంలో మిత్రరాజ్యాల సేన ఆ కోటను పట్టుకుంది. కాగితాలు లండన్‌కు పోయాయి. అమెరికా వాళ్లు వాటిని మైక్రోఫిల్ము తీసుకున్నారు. తర్వాత అసలు ప్రతులు జర్మనీకి తిరిగి వెళ్లి, ఫ్రైబుర్గ్ సైనిక పత్రాలయంలో చేరాయి. ఓడిపోయిన వాడి దినచర్య గెలిచిన వాడి పెట్టెలో బతికి బయటపడింది. పోలిస్తే, మన గోదీలో ఆరోజు ఏ హమాలీ ఏ గోదాములో ఉన్నాడో చెప్పే కాగితం ఎక్కడా దొరకదు.

నేను మాక్స్‌ముల్లర్ భవన్‌లో కొన్నాళ్లు జర్మన్ నేర్చుకున్నాను. నా వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని "డేర్, డీ, డాస్" అని వల్లించాను. మా ఆవిడ నవ్వేది. అమెరికాలో చదువుతున్న మా మేనల్లుడు డబ్బు కట్టి కొన్ని ఫిల్ముల నకళ్లు పంపాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేజీ నాలుగు రోజులు చదివేవాణ్ణి. ఇప్పుడైతే ఇందులో చాలా భాగం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చూడవచ్చు. అప్పుడు ఒక్కొక్క నకలుకూ నా నెల జీతంలో కొంత పోయేది.

ఈ దినచర్యలను చదవడంలో ఒక జాగ్రత్త ఉంది. కమాండర్లు అబద్ధాలకోరులు అననుగానీ, చీకట్లో పెరిస్కోపులోంచి చూసి ఓడ బరువు ఎక్కువగా అంచనా వేయడం మామూలు. టార్పెడో పేలిన శబ్దం వినిపిస్తే చాలు, మునిగిందని రాసేవారు. కాబట్టి ఓడల కంపెనీల పుస్తకాలతో పోల్చి చూడాలి. జర్మనీలో యుర్గెన్ రోవర్ అనే చరిత్రకారుడు ఆ పని జీవితమంతా చేశాడు. ప్రతి టార్పెడోను ఒక ఓడతో జత కుదిర్చాడు. రెండో చిక్కు ఇంకా పెద్దది. మునిగిన బోటుతో దాని చివరి దినచర్యా మునుగుతుంది. యు-533ను 1943 అక్టోబర్ 16న ఒమాన్ సింధుశాఖలో ఒక బ్రిటిష్ విమానం ముంచింది. బోటులో ఉన్నవాళ్లలో ఒక్కడే బతికి, 28 గంటలు ఈదుతూ తేలుతూ ఒడ్డు చేరాడు. ఆ బోటు చివరి రోజుల గురించి చెప్పగలిగింది అతనొక్కడే.

సరే, మన తీరానికి వద్దాం. 1943 అక్టోబర్ 2న యు-168 బొంబాయికి పశ్చిమ నైరుతి దిశలో హైచింగ్ అనే ఓడను ముంచింది. మన నగరం వాకిట్లో అనే చెప్పాలి. అక్టోబర్ 11న యు-532 జలబాల అనే ఓడను ముంచింది. అది కూడా సింధియా కంపెనీదే, మన దేశపు ఓడ. ఆరు నెలల తర్వాత గోదీ పేలుడులో ఎగిరిపడిన జలపద్మకు అక్కచెల్లెలు అనుకోవచ్చు. 1944 జనవరి 20 నుంచి ఫిబ్రవరి 9 వరకు మూడు వారాల్లో యు-188 ఏడు ఓడలను ముంచింది. అవి చాలక ఫిబ్రవరిలో ఏడు తెరచాప పడవలను కూడా ముంచింది. ఖర్జూరాలో, బియ్యమో, చేపలో వేసుకుని గాలివాటున పోయే పడవలవి. అట్లాంటిక్ మీద వచ్చిన పుస్తకాల్లో వాటికి ఒక వాక్యం కూడా దక్కలేదు. వాటి సరంగుల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

ఇంకొక సంగతి నన్ను నిలబెట్టేసింది. గోదీ పేలుడుకు సుమారు ఐదు వారాల ముందు, 1944 మార్చి 9న, మాల్దీవులలోని అడ్డూ రేవులో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ లాయల్టీ అనే చమురు ఓడను యు-183 కొట్టింది. రేవు నోటికి ఇనుప వలలు కట్టి ఉన్నాయి. ఆ వలల మధ్య ఉన్న సందులోంచి, బయటే ఉండి, గురి చూసి టార్పెడో వదిలింది. రేవులో ఉన్న ఓడను సబ్‌మెరీను కొట్టగలదా అంటే కొట్టగలదు. కొట్టింది. నాయిన మాటకు ఇంతకన్నా బలం ఏం కావాలి?

కానీ ఏప్రిల్ 14 దగ్గరకు వచ్చేసరికి లెక్క కుదరలేదు. యు-168, యు-183 మార్చిలోనే తూర్పు రేవులకు చేరుకున్నాయి. యు-532 పెనాంగ్‌కు తిరుగు ప్రయాణంలో ఉండి ఆ నెలలోనే అక్కడ చేరింది. యు-188 సరుకుతో ఫ్రాన్సుకు వెళుతోంది. సముద్రం మధ్యలో వాటికి చమురు పోసే రెండు జర్మన్ ఓడలను బ్రిటిష్ వారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పట్టుకుని ముంచారు. దాంతో వాటి ఆట దాదాపు కట్టయింది. బొంబాయిని కొట్టామని ఎవరూ చెప్పుకోలేదు. అంత పెద్ద పేలుడు తమ పనే అయితే ఏ కమాండర్ ఊరుకుంటాడు? అన్నిటినీ మించి విక్టోరియా డాకు తలుపులున్న మూత డాకు. అడ్డూ లాంటి తెరిచిన రేవు కాదు. టార్పెడో లోపలికి పోయే దారి లేదు. విచారణ సంఘం కూడా అగ్నిప్రమాదమేననీ, పత్తి మీద పడేసిన సిగరెట్టు కావచ్చుననీ తేల్చింది.

1994లో ఒక ఆదివారం నేను నాయిన ముందు కాగితాలన్నీ పరిచాను. ఆయనకు అప్పటికి చూపు మందగించింది. గడుల పటం చూపించి, ఏ సబ్‌మెరీను ఏ రోజు ఎక్కడ ఉందో వేలు పెట్టి చెప్పాను. కష్టపడి నేర్చుకున్న చదువు గదా, కాస్త దర్పంగానే చెప్పి ఉంటాను. చివరికి, "అది సబ్‌మెరీను కాదు నాయినా. ఎవరో కాల్చి పడేసిన సిగరెట్టో బీడీనో" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "అంటే మా అన్నను బీడీ సంపిందంటవా? జర్మనోడు సంపిండంటే లడాయిల పోయిండనుకున్న. బీడీ సంపిందంటే నేనెట్ల ఓర్సుకోవాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది తర్వాత రెండు ఏప్రిల్‌లు చూశాడు. దీపం పెట్టాడు కానీ ఆ మాట మళ్లీ అనలేదు. 1996లో పోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ణి కాదు. 2004లో ఒక అమెరికన్ రచయిత పుస్తకం వచ్చింది. అందులోని సంగతి నా దర్పాన్ని దించింది. యు-869 అనే జర్మన్ జలాంతర్గామిని 1945 ఫిబ్రవరి 28న మొరాకోలోని రబాత్ దగ్గర, జిబ్రాల్టర్ వైపు, ముంచేశామని యుద్ధం తర్వాత అధికారులు తీర్మానించారు. అన్ని పుస్తకాలూ అదే రాశాయి. అందులో పోయిన 56 మంది కుటుంబాలూ అదే నమ్మాయి. 1991లో అమెరికాలోని న్యూజెర్సీ తీరానికి 60 మైళ్ల దూరంలో, 230 అడుగుల లోతున, ఈతగాళ్లకు ఒక జలాంతర్గామి కనిపించింది. అక్కడ ఏ జలాంతర్గామీ మునిగినట్టు ఏ రికార్డూ చెప్పదు. జాన్ చాటర్టన్, రిచీ కోలర్ అనే ఇద్దరు దాని పేరు కనుక్కోవాలని పట్టుబట్టారు. మొదట ఒక కత్తి దొరికింది. పిడి మీద హోరెన్‌బుర్గ్ అని చెక్కి ఉంది. ఆ పేరున్న వైర్‌లెస్ మనిషి యు-869లో ఉన్నాడు. కానీ ఆ బోటు మునిగింది ఆఫ్రికా దగ్గర గదా అన్నారు నిపుణులు. ఆ అన్వేషణలో ముగ్గురు ఈతగాళ్లు చనిపోయారు. వారిలో ఇద్దరు తండ్రీ కొడుకులు. చివరికి 1997లో విడిభాగాల పెట్టె మీది రేకు ఒకటి పైకి తెచ్చి చూస్తే, దాని మీద యు-869 అని ఉంది.

జరిగింది ఏమిటంటే, ఆ బోటును మొదట న్యూయార్క్ వైపు వెళ్లమన్నారు. తర్వాత జిబ్రాల్టర్‌కు మళ్లమని వైర్‌లెస్‌లో చెప్పారు. ఆ సందేశం బోటుకు అందలేదు. అందిందని కార్యాలయం అనుకుంది. యుద్ధం తర్వాత లెక్కలు కట్టినవాళ్లు ఆ కాగితం చూసి, జిబ్రాల్టర్ వైపు జరిగిన ఒక దాడికి ఈ బోటును జత చేసేశారు. యాభై ఏళ్లు అదే చరిత్రగా చెలామణి అయింది. ఇలాంటి తీర్మానాలు ఇంకా చాలా తప్పని ఆక్సెల్ నీస్ట్లే అనే జర్మన్ పరిశోధకుడు 1998లో ఒక పుస్తకమే రాశాడు.

ఇంకొకటి కూడా గుర్తు చేసుకోవాలి. జర్మన్ల రహస్య సంకేతాలను ఇంగ్లీషు వాళ్లు యుద్ధమప్పుడే విప్పి చదివేవారు. ఈ సంగతి 1974 దాకా లోకానికి చెప్పలేదు. అంతకు ముందు అచ్చయిన పెద్ద పెద్ద చరిత్రలన్నీ అసలు కారణాన్ని బయటపెట్టకుండానే రాసినవి. సర్కారోడు దాసిపెట్టిండు అన్న మా నాయిన మాట ఒక్క బొంబాయికే కాదు, ఆ యుద్ధం మొత్తానికీ వర్తిస్తుంది.

ఆ పుస్తకం చదివాక నా కాగితాలు మళ్లీ తీశాను. అధికార పత్రం అన్నంత మాత్రాన నిజం కాదని తెలిశాక, నేను నాయినకు చెప్పింది నిజమేనా? ఒక్కొక్కటీ మళ్లీ చూశాను. నా లెక్క ఒక్క దినచర్య మీదే ఆధారపడి లేదు. డాకు తలుపులు, మంట మొదలైన వేళ, పేలుడుకు ముందు రెండు గంటలు నీళ్లు పోసిన వాళ్ల సాక్ష్యం, ఇవన్నీ ఒకవైపే చూపుతున్నాయి. టార్పెడో తగిలిన ఓడ రెండు గంటలపాటు పత్తి పొగ వదలదు. నేను చెప్పింది తప్పు కాదు. కానీ చెప్పిన తీరు తప్పు. ఎర్రజెండా ఎందుకు ఎగరలేదు, పత్తినీ మందుగుండునూ ఒకచోట ఎందుకు చేర్చారు, అంత సరుకు ఉన్న ఓడను ఊరి నడిబొడ్డు గోదీకి ఎందుకు తెచ్చారు, అన్న ప్రశ్నలను పక్కన పెట్టి బీడీ దగ్గర ఆగాను. పెదనాన్న లడాయిలోనే పోయాడు నాయినా, యుద్ధం తొందరలో పెద్దవాళ్లు వదిలేసిన జాగ్రత్త వల్ల పోయాడు, అని చెప్పి ఉండవలసింది. అది ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదు, అసలు నిజమే అది. చెప్పే వేళకు నాకు తోచలేదు.

నేతాజీ పటం సంగతి చెప్పాను గదా. 1943 ఫిబ్రవరిలో సుభాస్ చంద్రబోస్ జర్మనీ నుంచి యు-180 అనే జలాంతర్గామిలో బయలుదేరాడు. వెంట ఉన్నది ఆబిద్ హసన్, మన హైదరాబాదు మనిషి. ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర సముద్రంలో వారిద్దరూ జపాను జలాంతర్గామిలోకి మారారు. దానికి పది రోజుల ముందు, ఏప్రిల్ 18న, బోస్ లోపల ఉండగానే ఆ బోటు కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. మా నాయిన ఒకే గోడ మీద నేతాజీకి పూలదండ వేసి, ఆ పక్కనే సబ్‌మెరీను చంపిందనుకున్న అన్నకు దీపం పెట్టేవాడు. ఆయనకు అందులో వైరుధ్యం కనిపించలేదు. నాకూ ఇప్పుడు కనిపించడం లేదు. రెండు సామ్రాజ్యాల మధ్య నలిగిన దేశం మనది. మనవాళ్లు రెండు వైపులా పోయారు.

ఎంతమంది పోయారు? బ్రిటిష్ వారి వర్తక నౌకల్లో బొగ్గు వేసినవాళ్లు, వంట చేసినవాళ్లు, డెక్కు కడిగినవాళ్లు చాలామంది మన ఖలాసీలే. సిల్హెట్, చిట్టగాంగు, గోవా, కొంకణం, కచ్చి మనుషులు. ఆ యుద్ధంలో వారిలో సుమారు 6,600 మంది చనిపోయారు. సముద్రమే సమాధి అయినవారి పేర్లు ఒక పుస్తకంలో రాసి, బొంబాయిలో మసీదు బందరు దగ్గర ఖలాసీల వసతి గృహంలో ఉంచారు. నేను వెళ్లి చూశాను.

ఆ పుస్తకం తిప్పుతుంటే నాకు గుర్తొచ్చిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1942 నవంబర్‌లో అట్లాంటిక్‌లో ఒక బ్రిటిష్ ఓడ మునిగితే, పూన్ లిమ్ అనే చైనా స్టూవర్డు ఒక్కడే తెప్ప మీద 133 రోజులు బతికాడు. బ్రిటిష్ రాజు అతనికి పతకం ఇచ్చాడు. అతని కథ ప్రపంచమంతా తెలుసు. తెలియాల్సిందే. 1943 సెప్టెంబర్ 19న మన సముద్రంలో యు-532 ఫోర్ట్ లాంగ్‌యూల్ అనే ఓడను ముంచింది. బతికినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ భారతీయ ఖలాసీలు. వాళ్లు తెప్ప మీద 134 రోజులు కొట్టుకుపోయి, తూర్పున ఒడ్డు చేరి, జపాను వారి చేతికి చిక్కారు. పూన్ లిమ్ కన్నా ఒకరోజు ఎక్కువ. అన్ని రోజులు వాళ్లు ఏం తాగారు, ఏం తిన్నారు, రాత్రిపూట ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారు? ఓడను ముంచిన వాడి లెక్క తారీఖుతో సహా జర్మనీలో భద్రంగా ఉంది. ఆ ఇద్దరి మాటలు ఏ కోటలోనూ దాచి లేవు.

అందుకే మన పాఠకులకు ఒక మనవి. మద్రాసులోనో, బరంపురంలోనో, యానాంలోనో, రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాల్లోనో, ఓడ ఎక్కి తిరిగి రాని తాతల గురించి, గోదీలో పనిచేసిన మేనమామల గురించి ఏదైనా మాట ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే దాన్ని కొట్టిపారేయకండి. "అదంతా ఉత్తదే" అని నాలా తొందరపడి తీర్పు చెప్పకండి. ముందు విన్నది విన్నట్టు, వారి మాటల్లోనే, తారీఖు వేసి రాసిపెట్టండి. నిజమా కాదా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. పత్రిక చిరునామాకు రాస్తే నాకు అందుతుంది.

మొన్నటి ఏప్రిల్ 14న కూడా మా ఇంట్లో దీపం పెట్టాం. ఇప్పుడు పెదనాన్న పేరుతోపాటు నాయిన పేరు కూడా చెబుతాను. మా మనవరాలు ఆ పక్కన ఎవరి ఫొటో లేదేమని అడిగింది. కూర్చోబెట్టి, మొదట సబ్‌మెరీను కథ చెప్పాను, నాయిన చెప్పినట్టే. తర్వాత ఎర్రజెండా సంగతి చెప్పాను.